ఎం25 మిక్స్ డిజైన్ చేసి క్యూబులు పోయడం ఎలా: ఇసుక తడి దగ్గర తప్పకుండా

ఆగస్టు వచ్చిందంటే నాకు ఒకే రకం ఫోన్లు. గుణుపురం నుంచి ఒకరు, రాయగడ నుంచి ఒకరు, బరంపురంలో డిప్లొమా చేసి సివిల్ బీటెక్‌లో చేరినవాళ్లు ఇంకొకరు. మాట మాత్రం ఒకటే: "అన్నా, లెక్క మొత్తం కరెక్టే. సారు కూడా చూశారు. క్యూబ్ మాత్రం 25 దాటలేదు." నేను తిరిగి అడిగేదీ ఒకటే: "పోసిన రోజు ఇసుక తడిగా ఉందా?" అవతల కాసేపు చప్పుడుండదు. తర్వాత, "ముందురోజు రాత్రి వాన పడిందన్నా" అంటారు.

ఇలా ఫోన్లో విడివిడిగా చెప్పడం కంటే ఒకచోట రాసి పెడితే మేలని ఇది రాస్తున్నాను. ఐ.ఎస్. 10262:2019 (కాంక్రీటు పాళ్లు లెక్కకట్టే భారత ప్రమాణం, కోడ్ అనేది దీన్నే) ప్రకారం ఎం25 కాంక్రీటుకు (28 రోజులకు 25 ఎంపీఏ, అంటే చదరపు మి.మీ.కు 25 న్యూటన్ల బలం రావాల్సిన గ్రేడు) డిజైన్ చేసి, 6 క్యూబులు (పరీక్ష కోసం పోసే ఘనాకారపు దిమ్మలు) పోసి, 7, 28 రోజులకు పగలగొట్టి, వచ్చిన అంకెను నమ్మాలో వద్దో తేల్చుకునేదాకా ఇందులో ఉంది. సిద్ధాంతం మీ పాఠ్యపుస్తకంలో ఉంది, దాని జోలికి వెళ్లను.

ఒక హెచ్చరిక ముందే. సీనియర్ల దగ్గర్నుంచి చేతులు మారుతూ వచ్చే జిరాక్సు మాన్యువళ్లలో చాలావాటిలో ఇప్పటికీ 1982 నాటి పద్ధతే ఉంది. ఆ తర్వాత ఈ కోడ్ 2009లో ఒకసారి, 2019లో ఒకసారి మారింది. పాత పట్టికలోంచి ఒక అంకె, కొత్త పట్టికలోంచి ఇంకో అంకె తీసి కలిపితే వచ్చేది ఏ కోడ్ ప్రకారమూ కాదు. వైవాలో దొరికిపోయేది కూడా అక్కడే.

కావలసినవి

సిమెంట్ 15 కిలోలు, ఇసుక 25 కిలోలు, 20 మి.మీ. కంకర 20 కిలోలు, 10 మి.మీ. చిప్స్ 15 కిలోలు. 150 మి.మీ. క్యూబ్ మోల్డులు 6, స్లంప్ కోను (పచ్చి కాంక్రీటు ఎంత జారుగా ఉందో కొలిచేది; కోను తీశాక కాంక్రీటు ఎంత కుంగిందో అదే స్లంప్), 16 మి.మీ. మందం 600 మి.మీ. పొడవున్న కడ్డీ, జల్లెడల సెట్టు, పిక్నోమీటరు, లీ షాటెలియర్ ఫ్లాస్కు (ఈ రెండూ సాంద్రత కొలవడానికి), కాస్త కిరోసిన్. గ్రాముల్లో తూచే కాటా ఒకటి, కిలోల కాటా ఒకటి. ఒక స్టవ్వు, మూకుడు (ఇది మర్చిపోవద్దు, అసలు పని దీనితోనే). తడి గోనెసంచులు, రబ్బరు గ్లవ్స్. తడి సిమెంట్ చర్మాన్ని కాలుస్తుంది. ఒక్క పూటకేమవుతుందని ఉత్త చేతులతో కలిపితే రాత్రికి మంట తెలుస్తుంది.

మన ఒడిశా కాలేజీల ల్యాబుల్లో అటెండరు చాలాసార్లు ఒడియా మాత్రమే మాట్లాడతారు. ఆయన "బాలి" అంటే ఇసుక, "గిట్టి" అంటే కంకర, "పాణి" అంటే నీళ్లు. "భాయినా" అని మర్యాదగా పిలిచి, ఇసుక గుట్ట మీద టార్పాలిన్ కప్పించమని ముందురోజే అడగండి. సగం సమస్య అక్కడే తీరుతుంది.

1. ముందు మీ సరుకు ఏమిటో కొలవండి

ఇసుకను జల్లెడ పట్టి 600 మైక్రాన్ల జల్లెడలోంచి ఎంత శాతం దిగిందో చూడండి. జోన్ అంటే ఇసుక ఎంత సన్నగా ఉందో చెప్పే తరగతి: 15 నుంచి 34 అయితే జోన్ 1, 35 నుంచి 59 జోన్ 2, 60 నుంచి 79 జోన్ 3, 80 పైన జోన్ 4. "వంశధార ఇసుకండీ, జోన్ 2యే ఉంటుంది" అని రాసేవాళ్లున్నారు. నదికి జోన్ ఉండదు. అదే నదిలో వంపు దగ్గర తీసింది ఒకలా, రెండు కిలోమీటర్ల దిగువన తీసింది ఇంకోలా ఉంటుంది. నాగావళి అయినా, పర్లాకిమిడి పక్కన మహేంద్రతనయ అయినా ఇంతే. మీ బస్తాలో ఉన్నదాన్నే జల్లెడ పట్టండి.

సిమెంట్ విశిష్ట సాంద్రత దగ్గర ఇంకో తప్పు. అందరూ కళ్లు మూసుకుని 3.15 రాస్తారు. ఓపీసీకి (మామూలు పోర్ట్‌ల్యాండ్ సిమెంట్) ఆ అంకె సరిపోతుంది. కానీ ఒడిశా బజార్లో స్లాగ్ (ఇనుము, ఉక్కు తయారీలో మిగిలే చిట్టెం) కలిపిన సిమెంట్, పీపీసీ (ఫ్లై యాష్ లాంటివి కలిపింది) ఎక్కువగా దొరుకుతాయి. ఉక్కు ఫ్యాక్టరీల రాష్ట్రం కదా, స్లాగ్‌కు కొదవ లేదు. వీటి సాంద్రత ఓపీసీ కంటే తక్కువ. 2.90 ఉన్న పీపీసీకి 3.15 వేసి లెక్కకడితే, 400 కిలోల సిమెంట్ దగ్గర దాదాపు 11 లీటర్ల ఘనపరిమాణం తేడా పడుతుంది. అంటే ఘనమీటరుకు 30 కిలోల ఇసుక, కంకర తప్పు. బస్తా మీద ఏం రాసి ఉందో చదవండి, ఫ్లాస్కులో కిరోసిన్ పోసి కొలవండి. నీళ్లు పోయకండి. సిమెంట్ నీటితో చర్య జరిపి లెక్క చెడగొడుతుంది.

కంకర విషయంలో మన తూర్పు కనుమల వైపు ఒక మెలిక ఉంది. ఇక్కడి కొండల్లో చార్నోకైట్, ఖోండలైట్ పక్కపక్కనే ఉంటాయి. చార్నోకైట్ నల్లగా, గట్టిగా, కాంక్రీటుకు బంగారంలా ఉంటుంది. ఖోండలైట్ ఎర్రగా, గోధుమరంగుగా శిథిలమై, నీళ్లు బాగా తాగుతుంది. కోణార్క్ గుడిలో ఎక్కువగా వాడింది ఖోండలైటే. దాని శిల్పాలు ఎలా అరిగిపోయాయో చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. మీ కంకర కుప్పలో చేత్తో నలిపితే పొడిరాలే ఎర్ర ముక్కలు కనిపిస్తే ఏరి పారేయండి, నీటి పీల్పు పరీక్ష తప్పకుండా చేయండి.

ఈ వ్యాసంలో ఉదాహరణకు నేను తీసుకుంటున్న అంకెలు ఇవి: ఓపీసీ 43, సాంద్రత 3.15. కంకర 2.70, నీటి పీల్పు 0.5 శాతం. ఇసుక 2.62, నీటి పీల్పు 1 శాతం, జోన్ 2. కావలసిన స్లంప్ 75 మి.మీ. వీటిని మీ రికార్డులోకి ఎక్కించకండి. మీవి మీరు పెట్టుకోండి.

2. టార్గెట్ స్ట్రెంగ్త్

క్యూబుల బలం అటూ ఇటూ అవుతుంది కాబట్టి 25 కంటే కాస్త ఎక్కువకు గురి పెట్టాలి, అదే టార్గెట్. 2019 కోడ్‌లో రెండు లెక్కలు చేసి పెద్దది తీసుకోవాలి. ఎం25కి మొదటిది 25 + 1.65 × 4 = 31.6. రెండోది 25 + 5.5 = 30.5. (4 అన్నది ప్రామాణిక విచలనం; అదీ 5.5 కూడా కోడ్ పట్టికల్లోవి.) కాబట్టి 31.6 ఎంపీఏ. పాత మాన్యువల్ పట్టుకున్నవాళ్లు ఈ రెండో లెక్క వదిలేస్తారు. ఎం25కి జవాబు మారదు గానీ మార్కులు మారతాయి.

3. వాటర్ సిమెంట్ రేషియో

నీటి బరువును సిమెంట్ బరువుతో భాగిస్తే వచ్చేదే ఈ రేషియో. కోడ్‌లోని బొమ్మలో బలానికీ రేషియోకూ మధ్య మూడు వక్రరేఖలుంటాయి. సిమెంట్ 28 రోజుల బలం 43 నుంచి 53 లోపు ఉంటే రెండోది మీది. 31.6 దగ్గర అడ్డగీత గీసి కిందికి దిగండి. ఈ ఉదాహరణకు 0.48 అనుకుందాం.

అది అక్కడితో అయిపోలేదు. ఐ.ఎస్. 456లో (కాంక్రీటు కట్టడాల కోడ్) మన్నికకు పెట్టిన పరిమితితో పోల్చాలి. మోడరేట్ వాతావరణంలో ఆర్.సి.సి.కి (లోపల ఇనుప కడ్డీలున్న కాంక్రీటు) రేషియో 0.50 మించకూడదు, సిమెంట్ ఘనమీటరుకు 300 కిలోలకు తగ్గకూడదు. మన 0.48 లోపలే ఉంది.

ఎగ్జామినర్లకు ఇష్టమైన ప్రశ్న ఇక్కడుంది. గుణుపురంలో కట్టే ఇంటికి మోడరేట్ సరే, అదే ఇల్లు గోపాల్‌పూర్ సముద్రం ఒడ్డున కడితే? అక్కడది సివియర్. అంటే రేషియో 0.45, సిమెంట్ కనీసం 320, గ్రేడ్ కనీసం ఎం30. ఆర్.సి.సి.కి ఎం25 అక్కడ అసలు పనికిరాదు. బరంపురం నుంచి పట్టుమని 20 కిలోమీటర్లు లేదు, డిజైన్ మొత్తం మారిపోయింది. రికార్డు మొదటి పేజీలో "ఏ వాతావరణానికి" అన్న గడి ఖాళీగా వదిలేవాళ్లకు ఈ ప్రశ్న ఖాయం.

4. నీళ్లు, సిమెంట్

20 మి.మీ. కంకరకు, 50 మి.మీ. స్లంప్‌కు పట్టిక ఇచ్చేది ఘనమీటరుకు 186 కిలోల నీళ్లు. స్లంప్ ప్రతి 25 మి.మీ. పెరిగినప్పుడు 3 శాతం కలపాలి. 186 × 1.03 = 191.6. నేను 192 తీసుకున్నాను. సిమెంట్ 192 / 0.48 = 400 కిలోలు. కనీసం 300 పైన, గరిష్ఠం 450 లోపు. బాగుంది.

ఈ 186 క్రషర్ నుంచి వచ్చే కోసుగా ఉండే కంకరకు. ఏటి గులకరాళ్లు వాడితే కోడ్ తగ్గించమంటుంది. మన ల్యాబుల్లో అవి దాదాపుగా వాడరు.

5. ఇసుక, కంకర

జోన్ 2 ఇసుకకు, 0.50 రేషియోకు, ఇసుక కంకర కలిసిన ఘనపరిమాణంలో కంకర వాటా 0.62. మన రేషియో 0.48. ప్రతి 0.05 తగ్గినప్పుడు వాటా 0.01 పెరగాలి, కాబట్టి 0.02 తగ్గితే 0.004. కంకర 0.624, ఇసుక 0.376. ఈ చిన్న సవరణను పది రికార్డుల్లో ఏడెనిమిదింట్లో చూడలేదు నేను.

ఒక ఘనమీటరులో:
సిమెంట్ 400 / 3150 = 0.127
నీళ్లు 0.192
చిక్కుకుపోయే గాలి 0.010 (20 మి.మీ.కి 1 శాతం)
మిగిలింది 1 − 0.329 = 0.671

కంకర 0.671 × 0.624 × 2700 = 1130.5 కిలోలు
ఇసుక 0.671 × 0.376 × 2620 = 661 కిలోలు

సరిచూసుకోవడం సులువు. నాలుగూ కూడండి: 400 + 192 + 1130.5 + 661 = 2383.5. మామూలు కాంక్రీటు 2350 నుంచి 2450 మధ్య ఉంటుంది. మీకు 2200 గానీ 2600 గానీ వస్తే కాలిక్యులేటర్ తప్పు కాదు, ఎక్కడో సాంద్రత తప్పు వేశారు.

ఇక్కడితో "డిజైన్ అయిపోయింది" అని పెన్ను మూసేస్తారు చాలామంది.

6. తడి సవరణ: ఇది చేయనిదే కాటా దగ్గరకు వెళ్లకండి

పైన వచ్చిన ఇసుక, కంకర బరువులు ఒక ప్రత్యేక స్థితిలో ఉన్నవాటికి. లోపల సందులన్నీ నీటితో నిండి, పైన మాత్రం పొడిగా ఉన్న స్థితి. దాన్నే ఎస్.ఎస్.డి. అంటారు. మీ ల్యాబ్ వెనక కుప్పలో ఉన్న ఇసుక ఆ స్థితిలో ఎప్పుడూ ఉండదు. వానాకాలం దాని ఒంటికి నీళ్లంటుకుని ఉంటాయి, అవి వచ్చి మీ మిక్సులో కలుస్తాయి. ఎండాకాలం కంకర ఎండిపోయి ఉంటుంది, అది మీరు పోసిన నీళ్లను తాగేస్తుంది.

మూకుడు తీయండి. కుప్ప పైపొర కాకుండా జానెడు లోతు నుంచి, మూడు నాలుగు చోట్ల నుంచి ఇసుక తీసి కలిపి, 500 గ్రాములు తూచండి. చిన్న మంట మీద కలుపుతూ వేయించండి. ఆవిరి పోయిందో లేదో తెలియకపోతే పైన ఒక గాజు పలక పెట్టండి. దానికి చెమ్మ పట్టకపోతే ఆరినట్టే. చల్లారనిచ్చి మళ్లీ తూచండి. 481 వచ్చిందనుకుందాం.

తడి = (500 − 481) / 481 × 100 = 3.95, అంటే 4 శాతం.

భాగించాల్సింది పొడి బరువుతో, 500తో కాదు. ఇందులో 1 శాతం ఇసుక లోపలే తాగి పట్టుకునే నీరు, అది మిక్సులోకి రాదు. మిగతా 3 శాతమే బయటి నీరు. చాలామంది 4 శాతం మొత్తం తీసేసి, తర్వాత కాంక్రీటు బిగుసుకుపోయిందని మొత్తుకుంటారు.

ఇసుక: పొడి బరువు 661 / 1.01 = 654.5. తడితో తూచాల్సింది 654.5 × 1.04 = 680.6. అదనంగా వచ్చిన నీళ్లు 19.6.
కంకర (పూర్తిగా పొడి అనుకుంటే): 1130.5 / 1.005 = 1124.9. అది తాగే నీళ్లు 5.6.
పోయాల్సిన నీళ్లు: 192 − 19.6 + 5.6 = 178 లీటర్లు.

ఈ సవరణ వదిలేసి 661 కిలోల తడి ఇసుక, 192 లీటర్ల నీళ్లు పోస్తే రేషియో 0.48 కాదు, 0.51 దాకా పోతుంది. మన్నిక పరిమితి 0.50 దాటేసింది, మీకు తెలియదు. అదే రాత్రంతా వానలో నానిన 8 శాతం తడి ఇసుకైతే? 0.57. ఇసుక కూడా 43 కిలోలు తక్కువ పడుతుంది. రికార్డులో మాత్రం అందంగా 0.48 అని ఉంటుంది.

నా సంగతే చెబుతాను. మూడో సంవత్సరంలో మా బ్యాచ్ ఇసుకను ల్యాబ్ మెట్ల పక్కన పోశారు. పై గొట్టం నుంచి వాననీళ్లు సరిగ్గా దాని మీదే పడేవి. ఒక పక్క తడి, ఒక పక్క పొడి. మేం తడి పక్క నుంచి ఒకసారి, పొడి పక్క నుంచి ఒకసారి పార నింపాం. ఒకే మిక్సు అని రాసిన రెండు బ్యాచ్‌లలో ఒకటి గంజిలా, ఒకటి అటుకుల్లా వచ్చింది. మా మేస్త్రీలాంటి లెక్చరరు చూసి ఏమీ అనలేదు. ఇసుక గుప్పెట పట్టి పిండి, అరచేయి తెరిచి చూపించారు. అరచేయి తడిసింది. అంతే. 28 రోజులు మళ్లీ మొదటి నుంచి.

మూకుడు లేదా? ఓవెన్ ఉంటే 105 డిగ్రీల దగ్గర ఒక రోజు పెట్టండి. అంత సమయం లేకపోతే ముందురోజే ఇసుకను గదిలో పలచగా పరిచి ఆరబెట్టండి. ఆరిన ఇసుకైనా ఎంత తడి మిగిలిందో కొలవాల్సిందే. కొలిచినంతసేపూ మిగతా ఇసుకను ప్లాస్టిక్ కవరుతో కప్పి ఉంచండి.

7. బ్యాచ్ తూకం

6 క్యూబులకు 6 × 0.003375 = 0.02025 ఘనమీటర్లు. ట్రేకి అంటుకునేది, కింద పడేది ఉంటుంది. కాబట్టి 0.025 తీసుకోండి.

సిమెంట్ 10 కిలోలు
తడి ఇసుక 17 కిలోలు
20 మి.మీ. కంకర 16.9, 10 మి.మీ. చిప్స్ 11.2 (60:40 చొప్పున)
నీళ్లు 4.45 లీటర్లు

నీళ్లను మగ్గుతో కాదు, తూచి పోయండి. 10 కిలోల సిమెంట్‌కు 200 మి.లీ. తేడా వచ్చినా రేషియో 0.02 మారుతుంది. మగ్గు గీత అంత నిక్కచ్చిగా ఉండదు.

8. కలపడం, స్లంప్

ట్రేని, పారను ముందు తడిగుడ్డతో తుడవండి. లేకపోతే అవే నీళ్లు తాగేస్తాయి. సిమెంట్, ఇసుక పొడిగా కలపండి, రంగు ఒకటయ్యేదాకా. తర్వాత కంకర. చివర్లో నీళ్లు, రెండు మూడు విడతలుగా.

స్లంప్ కోనులో పాత పద్ధతిలో నాలుగు పొరలు, కొత్త ఐ.ఎస్. 1199 రెండో భాగంలో మూడు పొరలు. ఒక్కో పొరకు 25 పోట్లు. మీ ల్యాబ్ ఏది పాటిస్తుందో అదే చేసి, అదే రాయండి. కోనును నిట్టనిలువుగా ఎత్తాలి. పక్కకు తిప్పి లాగితే ఒకవైపు జారిపోతుంది, అప్పుడు వచ్చిన అంకెకు విలువ లేదు. మళ్లీ చేయండి.

75 రావాల్సింది 45 వచ్చిందనుకోండి. ఇక్కడే చేయి చెంబు మీదకు వెళుతుంది. ఆగండి. ఒట్టి నీళ్లు పోస్తే ఇంతసేపు చేసిన లెక్క గంగపాలు. నీళ్లు పెంచితే సిమెంట్ కూడా అదే రేషియోలో పెరగాలి. 25 మి.మీ. పెంచడానికి 3 శాతం, అంటే ఈ బ్యాచ్‌లో 144 మి.లీ. నీళ్లు. దానికి 144 / 0.48 = 300 గ్రాముల సిమెంట్. రెండూ కలిపి వేయండి, ఎంత వేశారో రాసుకోండి. ల్యాబులో సూపర్‌ప్లాస్టిసైజర్ (నీళ్లు పెంచకుండానే కాంక్రీటును జారుగా చేసే రసాయనం) ఉంటే అది ఇంకా మేలు, నీళ్ల జోలికే పోనక్కర్లేదు.

స్లంప్ 130 వచ్చిందా? నీళ్లు తీయలేరు. ఆ బ్యాచ్‌ను పక్కన పెట్టి, ఇసుక తడి మళ్లీ కొలవండి. పది సార్లలో తొమ్మిది సార్లు తప్పు అక్కడే.

9. క్యూబులు పోయడం

మోల్డు బోల్టులు బిగించి, లోపల నూనె పలచగా రాయండి. నూనె గుంటలు కట్టేలా పోస్తే క్యూబు మీద మచ్చలు, గుల్ల. అడుగు అంచుల సందులకు గ్రీజు పూయండి. సందుల్లోంచి సిమెంట్ పాలు కారిపోతే ఆ మూల తేనెపట్టులా తయారవుతుంది.

మూడు పొరలు, ఒక్కోటి 5 సెం.మీ. చొప్పున. ఒక్కో పొరకు కడ్డీతో 35 పోట్లు, మూలలు వదలకుండా. రెండో పొర పొడిచేటప్పుడు కడ్డీ కింది పొరలోకి కొద్దిగా దిగాలి. చివర తాపీతో పైభాగం సమం చేయండి. దాని మీద తడి గోనె, దాని మీద ప్లాస్టిక్. ఆ గదిలో మర్నాటిదాకా ఎవరూ బల్లలు లాగకుండా చూడండి.

24 గంటల తర్వాత (అరగంట అటూ ఇటూ పర్వాలేదు) విప్పి, తేదీ, బ్యాచ్ నంబరు పెయింటుతో రాసి నీళ్లలో వేయండి. చాక్‌పీసు రాతలు నీళ్లలో మాయం. 28 రోజుల తర్వాత ఏది ఎవరిదో తెలియక జట్లు కొట్టుకోవడం నేను చూశాను.

నీళ్లు 27 డిగ్రీలు, 2 అటూ ఇటూ. మే నెలలో రాయగడ వైపు బయట తొట్టెలో నీళ్లు చేయి పెడితే వెచ్చగా తగులుతాయి. డిసెంబరులో కొరాపుట్ పీఠభూమి మీద అదే తొట్టె గడ్డకట్టేంత చల్లగా అనిపిస్తుంది. చల్లటి నీళ్లలో బలం నెమ్మదిగా వస్తుంది. తొట్టె గది లోపల ఉంటే మంచిది. లేకపోతే రోజూ ఉదయం, సాయంత్రం థర్మామీటరు చూసి రాసుకోండి. అంకె తక్కువ వచ్చినప్పుడు ఆ పట్టికే మీకు సాక్షి.

10. పగలగొట్టడం

3 క్యూబులు 7 రోజులకు, 3 క్యూబులు 28 రోజులకు. నీళ్లలోంచి తీసి, ఒళ్లు తుడిచి, తడి మీదే పరీక్షించాలి. పొద్దున తీసి ఎండలో పెట్టి మధ్యాహ్నం చేస్తే బలం ఎక్కువ చూపిస్తుంది, అది మీది కాదు.

ముందు తూచండి. మన 2383.5 సాంద్రతకు ఒక్కో క్యూబు 8.04 కిలోలు ఉండాలి. 8 దగ్గర ఉంటే పోత బాగుంది. 7.7 ఉంటే లోపల గుల్ల ఉంది. మెషీన్ ఎక్కించకముందే తెలిసిపోతుంది.

ఇప్పుడు అతి సాధారణమైన తప్పు: తాపీతో సమం చేసిన ముఖాన్ని పైకి పెట్టడం. ఆ ముఖం ఎంత నున్నగా కనిపించినా సమతలం కాదు. బరువంతా ఎత్తుగా ఉన్న నాలుగు చుక్కల మీద పడి ముందే పగులుతుంది. మోల్డు గోడలకు తగిలిన రెండు ఎదురెదురు ముఖాలనే పైకీ కిందికీ పెట్టండి, తాపీ ముఖం పక్కకు, మీ వైపు కనిపించేలా.

బరువు నిమిషానికి 14 ఎంపీఏ చొప్పున, అంటే సెకనుకు సుమారు 5.25 కిలోన్యూటన్లు. 711 కిలోన్యూటన్ల దగ్గర (31.6 ఎంపీఏకి సరిపోయే బరువు) పగలాలంటే రెండుంపావు నిమిషాలు పట్టాలి. ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టండి. 40 సెకన్లలో పగిలిందంటే వాల్వు ఎక్కువ తిప్పారు, వచ్చిన అంకె ఉబ్బిపోయి ఉంటుంది. పాత మెషీన్ల డయలు టన్నుల్లో ఉంటుంది. 711 కిలోన్యూటన్లంటే 72.5 టన్నులు. మెషీన్ తలుపు మూసే ఉంచండి, ముక్కలు ఎగురుతాయి.

పగిలిన ఆకారం చూడండి. నాలుగు పక్కలూ ఊడి, నడుము సన్నగా డమరుకంలా మిగిలితే సరిగ్గా పగిలినట్టు. ఒక్క పక్కే చీలితే క్యూబు మధ్యలో పెట్టలేదన్నమాట, లేదా ముఖం సమంగా లేదు. ఫోటో తీసి రికార్డులో అంటించండి.

11. అంకెలను నమ్మాలా?

మూడు క్యూబులు 740, 715, 590 కిలోన్యూటన్ల దగ్గర పగిలాయనుకోండి. న్యూటన్లలోకి మార్చి, క్యూబు ముఖం వైశాల్యం 22,500 చదరపు మి.మీ.తో భాగిస్తే 32.9, 31.8, 26.2 ఎంపీఏ. చూడగానే అందరూ చేసే పని మూడోదాన్ని కొట్టేసి మిగతా రెంటి సగటు 32.3 అని రాయడం. లెక్క చూడండి. మూడింటి సగటు 30.3. కోడ్ ఒప్పుకునే తేడా దానిలో 15 శాతం, అంటే 4.5. మూడోది సగటుకు 4.1 దూరంలో ఉంది, హద్దు లోపలే. దాన్ని తీసేసే హక్కు మీకు లేదు. మీ జవాబు 30.3, టార్గెట్ అందలేదు. అదే మూడోది 540 దగ్గర, అంటే 24 ఎంపీఏకి పగిలి ఉంటే, సగటు 29.6, హద్దు 4.4, తేడా 5.6. అప్పుడు ఆ సెట్టు నమ్మదగింది కాదని రాయవచ్చు.

7 రోజుల అంకె ఓపీసీకి 28 రోజులదానిలో మూడింట రెండొంతులు ఉంటుంది. 20, 21 వస్తే కంగారు వద్దు. పీపీసీ, స్లాగ్ సిమెంట్ అయితే ఇంకా తక్కువగా మొదలై తర్వాత అందుకుంటాయి. 7 రోజులకే "ఫెయిల్" అని రాసేయకండి.

టార్గెట్ అందకపోతే ఈ వరసలో వెతకండి: ఇసుక తడి కొలిచారా, స్లంప్ కోసం ఎవరైనా చెంబు పోశారా (ఒప్పుకోరు, నెమ్మదిగా అడగండి), క్యూబు బరువు ఎంత, ఏ ముఖం పైకి పెట్టారు, తొట్టె వేడి ఎంత. ఈ ఐదూ సరిగ్గా ఉంటేనే డిజైన్ మీదకు వెళ్లండి.

12. రెండో ట్రయల్

ఒక్క ట్రయల్‌తో కోడ్ సరిపెట్టుకోదు. నీళ్లు 192 దగ్గరే ఉంచి, రేషియోను 10 శాతం అటూ ఇటూ మార్చి ఇంకో రెండు మిక్సులు చేయాలి. 0.43కి సిమెంట్ 447, 0.53కి 362. ఇసుక, కంకర మళ్లీ 5వ దశ నుంచి లెక్కకట్టండి, తడి మళ్లీ కొలవండి. 0.53 మన్నిక పరిమితి దాటింది కదా అని భయపడొద్దు. అది గ్రాఫులో చుక్క కోసమే, కట్టడానికి కాదు. మూడు చుక్కలకు గీత గీసి, 31.6 దగ్గర రేషియో ఎంతో చదవండి. అదే మీ సిమెంట్‌కు, మీ ఇసుకకు అసలు రేషియో. కోడ్‌లోని వక్రరేఖ ఇచ్చిన అంకెతో తేడా ఉంటే, ఎంత ఉందో కూడా రాయండి.

ఇంకొకటి, మోల్డుల సంగతి. విప్పిన రోజే ముక్కలు గీకి, నూనె రాసి పెట్టండి. ఎండిపోయాక ఉలితో కొడితే గోడలు సొట్టపడతాయి, తర్వాతి బ్యాచ్ వాళ్ల క్యూబు 150 ఉండదు. వాళ్లు కూడా నాకే ఫోన్ చేస్తారు.